సికిల్ సెల్ ఉన్న బాబుకు విటమిన్ గోలీలా, వెచ్చదనమా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. మా బాబుకు 14 ఏళ్లు, బరువు 38 కిలోలు. ఏడాది నిండిన కొత్తలో చేతులు, పాదాలు వాస్తే హైదరాబాద్‌లో పరీక్ష చేయించాం, సికిల్ సెల్ ఎనీమియా అన్నారు. హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాం. నిరుడు జూన్‌లో గురుకుల హాస్టల్‌లో చేర్పించాం. డిసెంబరులో రెండుసార్లు తొడల్లో, మోకాళ్లలో భరించలేని నొప్పి వచ్చి ఇంటికి తెచ్చుకున్నాం. మా అత్తమ్మ ఉప్పుమూటతో కాపడం పెడితే కొంత తగ్గింది. మందుల షాపు అతను రక్తం పట్టడానికి ఐరన్ టానిక్, రక్తప్రసరణకు విటమిన్ ఇ గోలీలు, వాటితోపాటు విటమిన్ సి బిళ్లలు ఇచ్చాడు. వీటితో రక్తం సాఫీగా పారుతుందా? వేడి మంచిదైతే ఎండాకాలం బాబుకు మంచిదే కదా? మా చిన్నపాపకు 6 ఏళ్లు, ఏ బాధా లేదు. ఆమెకు కూడా ఇవి వేయాలా? (ఒక తల్లి)

సమాధానం: అమ్మా, మీరు రాసిన వాటన్నిటిలో ఈ రోజే పక్కన పెట్టవలసింది ఐరన్ టానిక్ కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మన దగ్గర ముఖం పాలిపోయి కనిపిస్తే చాలు, రక్తం తక్కువైంది, రక్తం పట్టే మందు వేయాలి అంటారు. ఆ మాట చాలామంది ఆడవాళ్ల విషయంలో, పిల్లల విషయంలో నిజమే అవుతుంది గనుక షాపు అతను కూడా అలవాటు కొద్దీ అదే సీసా తీసి ఇచ్చి ఉంటాడు. మీ బాబుకు రక్తం తగ్గడానికి కారణం వేరు. మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతికితే, సికిల్ సెల్ ఉన్నవారి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. చితికిన కణంలోని ఇనుమును శరీరం పారవేయదు, దాచుకొని మళ్లీ వాడుకుంటుంది. పైగా ఎప్పుడైనా రక్తం ఎక్కించి ఉంటే ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి చేరుతుంది, శరీరం రోజుకు వదిలించుకోగలిగింది మాత్రం 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మిగిలినదంతా కాలేయంలోనూ గుండెలోనూ పేరుకుంటుంది. కడుపులో కొంకిపురుగులు ఉండడం వల్లనో, ఆడపిల్లలైతే నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం వల్లనో ఇనుము నిజంగా తగ్గిన సికిల్ సెల్ రోగులు ఉంటారు, కాని ఆ సంగతి ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చూపే ఫెరిటిన్ పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి, ముఖం చూసి నిర్ణయించేది కాదు.

ఇక విటమిన్లు, వెచ్చదనం రక్తప్రసరణకు ఏం చేస్తాయో తెలియాలంటే నొప్పి ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి. ఈ జబ్బులో హిమోగ్లోబిన్ తయారీలో ఒక్క అమైనో ఆమ్లం మారిపోతుంది. ఆ మారిన హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు నింపుకున్నప్పుడు బాగానే ఉంటుంది, కండరాలకో ఎముకలకో దాన్ని ఇచ్చివేసిన తర్వాత మాత్రం ఒకదానికొకటి అతుక్కొని పోగులుగా పేరుకుంటుంది, అప్పుడే కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. అయితే ఈ అతుక్కోవడం తక్షణం జరగదు, కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి ముగిసేలోగా కణం సన్నని రక్తనాళాలను దాటి ఊపిరితిత్తులకు తిరిగి చేరుకుంటే ఏమీ కాదు. దారిలో ఆలస్యమైతే అక్కడే వంగి ఇరుక్కుంటుంది, దాని వెనుక మరొకటి ఇరుక్కుంటుంది, దానికి అవతలి భాగానికి రక్తం అందక ఎముక లోపలి నుంచి నొప్పి లేస్తుంది. కాబట్టి మీ బాబు విషయంలో ఏ మందు గురించైనా, ఏ ఉపాయం గురించైనా అడగవలసిన ప్రశ్న ఒకటే: అది కణానికి ఆ దారి దాటే వ్యవధిని పెంచుతుందా, తగ్గిస్తుందా?

ఈ కొలబద్దతో చూస్తే హైడ్రాక్సీయూరియా అసలైన మందు. పుట్టినప్పుడు పిల్లల రక్తంలో ఎక్కువగా ఉండేది గర్భస్థ హిమోగ్లోబిన్. అది అతుక్కోదు. మీ బాబుకు మొదటి కొన్ని నెలలు ఏ బాధా లేకుండా గడిచి ఆ తర్వాత చేతులు, పాదాలు వాయడానికి కారణం అది క్రమంగా తగ్గిపోవడమే. హైడ్రాక్సీయూరియా దాన్ని మళ్లీ పెంచి, కణాలు వంగే వ్యవధిని పొడిగిస్తుంది. దాని ఫలితం కనిపించడానికి కొన్ని నెలలు పడుతుంది, మానేస్తే పోతుంది. హాస్టల్‌లో చేరిన తర్వాత గోలీ రోజూ పడుతోందా, ఎవరు ఇస్తున్నారు, అన్నది డిసెంబరు నొప్పుల సందర్భంగా మీరు తప్పకుండా విచారించవలసిన మాట. నా అనుభవంలో హాస్టల్ పిల్లల నొప్పుల వెనుక చాలాసార్లు పెట్టెలో అలాగే మిగిలిపోయిన గోలీల పట్టీ ఉంటుంది.

విటమిన్లలో ఏదీ ఎముక లోపలి రక్తనాళాన్ని వెడల్పు చేయదు, ఇరుక్కున్న కణాన్ని విడిపించదు. అవి లోటు పూడ్చడానికి మాత్రమే పనికివస్తాయి. ఫోలిక్ యాసిడ్ సంగతే చూడండి: కణాలు అంత వేగంగా చితుకుతుంటే ఎముక మూలుగ రాత్రింబవళ్లు కొత్తవి తయారు చేస్తూ ఉంటుంది, అందుకు ఫోలేట్ ఎక్కువగా ఖర్చవుతుంది, ఆ ఖర్చు పూడ్చడానికే డాక్టరు ఆ గోలీ రాశారు. నొప్పి రావడం రాకపోవడంతో దానికి నేరుగా సంబంధం లేదు, అయినా మానవద్దు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మాంసం, గుడ్లు, పాలు అంతగా తినని ఇళ్లలో బి12 తక్కువగా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ రక్తం లెక్కను సరిచేసి ఆ లోటును కప్పిపుచ్చుతుంది, ఈలోగా నరాలు దెబ్బతిని అరికాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి. బి12 తగ్గితే ఎర్రకణాలు పెద్దవి అవుతాయని ల్యాబ్ రిపోర్టు చూసి పట్టుకునే వీలు కూడా మీ బాబు విషయంలో తక్కువే, ఎందుకంటే హైడ్రాక్సీయూరియా వాడేవారిలో కణాలు ఎలాగూ పెద్దవిగానే కనిపిస్తాయి. అందువల్ల బి12 విడిగా పరీక్ష చేయించమని అడగండి.

విటమిన్ డి విషయం మీ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ఇది తరచుగా తక్కువగా ఉంటుంది, దానితో ఎముకలు బలహీనపడతాయి. మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో, అది ఎన్ని ఎముకలను వంచిందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒంట్లో క్యాల్షియం, విటమిన్ డి తక్కువగా ఉన్న పిల్లల ఎముకల మీద ఫ్లోరైడ్ మరింత కసి తీర్చుకుంటుంది. కాబట్టి పరీక్ష చేయించి, తక్కువ ఉంటే డాక్టరు చెప్పినన్ని వారాలు 60,000 యూనిట్ల పొడి పొట్లం వాడవచ్చు. మంచిదన్నారు కదా అని ఏడాది పొడవునా వారం వారం వేస్తే రక్తంలో క్యాల్షియం పెరిగి, వాంతులు పట్టుకొని, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

షాపు అతను ఇచ్చిన ఇ, సి గోలీల దగ్గరికి వద్దాం. సికిల్ సెల్ ఉన్నవారి రక్తంలో ఈ రెండూ తక్కువగా ఉండడం నిజమే, ఆ నిజాన్ని పట్టుకొనే రక్తప్రసరణ బాగుపడుతుందన్న మాట పుట్టింది. కాని ఈ రెండింటినీ కలిపి పెద్ద మోతాదులో ఇచ్చి చూసినప్పుడు కణాలు చితకడం తగ్గకపోగా, ఆ గుర్తులు కొంత పెరిగినట్టు కూడా కనిపించింది. విటమిన్ సి తిన్న ఆహారంలోని ఇనుమును ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది కాబట్టి ఐరన్ టానిక్‌తో జత చేసి ఇవ్వడం రెండు వైపులా తప్పే. జామపండు, ఉసిరికాయ, అన్నంలో పిండిన నిమ్మచెక్క మానవలసిన పని లేదు, గోలీలు మాత్రం ఆపి, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అన్నీ ఒక కవరులో వేసుకొని తీసుకువెళ్లి చూపించండి. కొన్ని బి విటమిన్ గోలీలు వేసుకుంటే ముఖం ఎర్రబడి వెచ్చబడుతుంది, దాన్ని చూసి రక్తం బాగా పారుతోందని సంబరపడేవారు ఉన్నారు. అది చర్మం పైన జరిగే తతంగం, ఎముక దాకా పోదు. జింకు లోటు ఉన్న పిల్లల్లో ఎదుగుదల కుంటుపడుతుంది కాబట్టి బాబు ఎత్తు, బరువు వయసుకు తగ్గట్టు లేకపోతే ఆ సంగతి అడగండి.

వెచ్చదనం గురించి మీ అత్తమ్మగారి పద్ధతి సరైనదే. అయితే అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. విచిత్రం ఏమిటంటే, ప్రాణవాయువు లేని సికిల్ హిమోగ్లోబిన్‌ను గాజునాళికలో పోసి చల్లబరిస్తే పలచగా ద్రవంలా ఉంటుంది, ఒంటి వేడికి తెస్తే ముద్ద కడుతుంది. అంటే వేడి వంగిన కణాన్ని కరిగించడం లేదు, ఆ పని నిజానికి చలువే చేయాలి. మరి చలిలో నొప్పులు ఎందుకు వస్తాయంటే, చర్మానికి చల్లదనం తగలగానే నరాలు రక్తనాళాలను బిగిస్తాయి, దారి ఇరుకై కణం నెమ్మదిస్తుంది, ఇంతకుముందు చెప్పిన వ్యవధి చాలక మధ్యలోనే వంగిపోతుంది. ఒంటి లోపలి వేడి ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి గాజునాళికలోని చలువ ప్రయోజనం మనిషికి దక్కదు, నాళాలు బిగుసుకోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం దక్కుతుంది. కాపడం ఆ బిగువును సడలిస్తుంది, పట్టేసిన కండరాన్ని వదులు చేస్తుంది, నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో వెచ్చదనం అడ్డు నిలుస్తుంది. తొడ ఎముక లోపలి మూలుగ దాకా ఉప్పుమూట వేడి పోదు. కాబట్టి నొప్పి తగ్గించడానికి అది మంచి తోడు, జబ్బు అదుపు చేయడానికి మందు కాదు.

కాపడం పెట్టే తీరులో జాగ్రత్త ఉండాలి. మూటను మొదట పెట్టేవారు తమ ముంజేతి లోపలి వైపు ఆనించి, పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితేనే బాబుకు పెట్టాలి. తువ్వాల మడత మీదుగా 15, 20 నిమిషాలు పెట్టి, తీసి, చర్మం చూసి, కొంతసేపు ఆగి మళ్లీ పెట్టవచ్చు. పెన్నం మీద వేయించిన ఉప్పు కొన్నిచోట్ల మరీ కాలి, కొన్నిచోట్ల గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి వేడినీళ్ల సంచి అంతకంటే నమ్మకమైనది. నొప్పి మందు వేసుకొని మగతగా పడుకున్న పిల్లవాడి కింద వేడి మూట వదిలేసి పోకూడదు. చీలమండల దగ్గర పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త, సికిల్ సెల్ ఉన్నవారికి అక్కడ పుండు పడితే నెలల తరబడి మానదు. వాయిలాకు వేసి మరిగించిన నీళ్లు చల్లారి గోరువెచ్చగా అయ్యాక స్నానం చేయించడంలో దోషం లేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు. దాని నుంచి వచ్చే విషవాయువు హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు అందకుండా చేస్తుంది, అసలే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న బాబుకు అది పెద్ద గండం. ఐస్ కూడా వద్దు. ఆటల్లో కాలు బెణికితే పీఈటీ సారు మొదట చేసేది ఐస్ పెట్టడమే కాబట్టి ఆయనకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

డిసెంబరు నొప్పుల గురించి నా అనుమానం హాస్టల్ స్నానాల మీద ఉంది. తెల్లవారుజామున ఐదింటికి గంట కొట్టగానే, రాత్రంతా డాబా మీది ట్యాంకులో చల్లబడిన నీళ్లు పంపు కింద పట్టుకొని, ఆరుబయట చెంబులతో గుమ్మరించుకొని, తడి తల, తడి చెడ్డీతోనే గది దాకా పరుగెత్తడం పిల్లలందరికీ అలవాటు. మిగతా పిల్లలకు అది వణుకు, మీ బాబుకు తొడ ఎముకలో నొప్పికి పునాది. నీళ్ల చల్లదనం కంటే ఆ తర్వాత తడి ఒంటికి గాలి తగిలి తేమ ఆవిరయ్యేటప్పుడు చర్మం వేగంగా చల్లబడుతుంది, నొప్పి చాలాసార్లు అప్పుడే కాకుండా కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది గనుక స్నానానికీ దానికీ సంబంధం ఉన్నట్టు ఎవరికీ తోచదు. ప్రిన్సిపాల్ గారికి డాక్టరు చీటీ జతచేసి ఒక దరఖాస్తు రాయండి: చలికాలంలో బాబుకు ఒక బకెట్ వేడినీళ్లు వంటగది నుంచి ఇప్పించాలని, లేదా సాయంత్రం పూట స్నానానికి అనుమతించాలని. స్నానాల గదిలోనే తలుపు తీయకముందే తల, ఒళ్లు పూర్తిగా తుడుచుకొని పొడి బట్టలు వేసుకోమని బాబుకు చెప్పండి. ఉదయం మోటారు సైకిల్ వెనుక కూర్చొని ప్రయాణం చేయవలసి వస్తే చలి అంతగా లేకపోయినా గాలి దెబ్బ ఉంటుంది, చెవులు, ఛాతీ, మోకాళ్లు కప్పుకోవాలి. ఇంట్లో గొంగడి ఉంటే హాస్టల్‌కు అదే ఇచ్చి పంపండి, పల్చని దుప్పటి రెండు మడతలు వేసినా దానికి సాటి రాదు.

ఎండాకాలం మంచిదే కదా అన్నారు. కాదమ్మా. నల్లగొండ ఎండలు 44 డిగ్రీలు దాటిన రోజున రక్తనాళాలు వెడల్పుగానే ఉంటాయి, కాని చెమట రూపంలో నీరు పోయి ఎర్రకణం లోపల హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది. చిక్కదనం కొంచెం పెరిగినా కణం వంగే వ్యవధి చాలా ఎక్కువగా తగ్గిపోతుంది. చలికాలంలో నాళాల వల్ల నష్టపోయిన వ్యవధిని వేసవిలో నీళ్ల కొరత వల్ల నష్టపోతామన్నమాట. ఎండలో చెమట పట్టి వచ్చి నేరుగా కూలర్ ముందు నిలబడడం, కాలువలో దూకడం రెండింటినీ కలిపి కొట్టే దెబ్బ.

నీళ్ల విషయంలో మామూలు పిల్లలకు చెప్పే గుర్తు ఒకటి మీ బాబుకు పనిచేయదు. మూత్రం తెల్లగా ఉంటే ఒంట్లో నీళ్లు చాలినట్టే అంటారు, కాని సికిల్ సెల్ చిన్నతనంలోనే మూత్రపిండాల శక్తిని దెబ్బతీస్తుంది, నీటిని పట్టి ఉంచుకోలేక ఒంట్లో నీరు తగ్గినా మూత్రం పలచగా, ఎక్కువగానే వస్తుంది. అందువల్ల దాహం కోసం, రంగు కోసం చూడకుండా లెక్క ప్రకారం తాగించాలి. ఆ బరువుకు రోజుకు రెండున్నర లీటర్లు, ఎండల్లో మూడు, మూత్రపిండాల గురించి డాక్టరు వేరే చెప్పి ఉంటే తప్ప. మజ్జిగ, అంబలి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇక్కడ మీరు బాబును ఒంటరిగా కూర్చోబెట్టుకొని అడగవలసిన మాట ఒకటి ఉంది. ఈ జబ్బు ఉన్న పిల్లలు రాత్రి పక్క తడపడం మామూలు, పద్నాలుగేళ్ల వయసులో హాస్టల్ హాలులో అది జరిగితే సిగ్గుతో సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు, ఎవరికీ చెప్పరు. నీళ్లలో ఎక్కువ భాగం పగలే తాగేలా, తరగతిలో సీసా దగ్గర ఉంచుకొని అడగకుండానే బయటికి వెళ్లేలా టీచర్ల అనుమతి తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మరొక మాట, ఇన్ని నీళ్లు తాగే పిల్లవాడికి బోరు నీళ్లు పోయకూడదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటిన నీళ్లు అందరికీ హానే, రెట్టింపు తాగేవారికి రెట్టింపు. ఇంట్లోనూ హాస్టల్‌లోనూ తాగడానికి మిషన్ భగీరథ కృష్ణా నీళ్లే వాడుతున్నారో లేదో కనుక్కోండి.

వెచ్చదనం వేరు, జ్వరం వేరు. 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రగ్గు కప్పి కాపడం పెడుతూ ఇంట్లో ఉంచకూడదు. రక్తంలోని క్రిములను ఏరివేసే ప్లీహం ఈ పిల్లల్లో తరచుగా సరిగా పనిచేయదు, మామూలు క్రిమి కూడా గంటల్లో రక్తమంతా పాకుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడడం, ఉన్నట్టుండి ముఖం పాలిపోవడం కనిపిస్తే కూడా అంతే, నేరుగా నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి వెళ్లగానే సికిల్ సెల్ అని చెప్పాలి. ఇంట్లో కాపడంతో, డాక్టరు రాసిన నొప్పి మందుతో కొన్ని గంటల్లో నొప్పి లొంగకపోయినా వెళ్లాలి. షాపులో కొనే బలమైన నొప్పి గోలీలు ఇప్పటికే అలసిన మూత్రపిండాల మీద పడతాయి కనుక సొంతంగా వాడవద్దు. న్యుమోనియా టీకాలు పూర్తయ్యాయో లేదో కార్డు చూపించి అడగండి.

చిన్నపాపకు గోలీలు కాదు, పరీక్ష కావాలి. బాబుకు ఈ జబ్బు ఉందంటే సాధారణంగా తల్లిదండ్రులిద్దరూ వాహకులై, అంటే తమకు జబ్బు లేకుండానే ఆ లోపాన్ని మోసేవారై ఉంటారు. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు రావడానికి, సగం వాహకులు కావడానికి, నాలుగింట ఒక వంతు ఏదీ లేకుండా ఉండడానికి అవకాశం ఉంటుంది. ఆరేళ్లు ఏ బాధా లేకుండా గడిచిందంటే జబ్బు లేదనుకోవడానికి లేదు, కొందరిలో అది నెమ్మదిగా బయటపడుతుంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది, 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తున్నారు, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అక్కడ చేసేది తొలి పరీక్ష అయితే, ఏమైనా తేలినప్పుడు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షతో నిర్ధారించుకోవాలి. పాప వాహకురాలని మాత్రమే తేలితే ఆమెకు ఏ మందూ అక్కరలేదు, ఆ కాగితాన్ని భద్రంగా దాచి, పెళ్లి మాట వచ్చినప్పుడు అవతలి వారిని కూడా పరీక్ష చేయించుకోమని చెప్పడానికి ఉంచుకోండి.